సాంకేతిక సందేహాలు: కదిలే రీడింగులు, ఎక్సెల్ చార్టులు

ప్రశ్న: జీడిమెట్ల పారిశ్రామికవాడలో మాకు చిన్న హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్ ఉంది. మూడు ఫర్నేసులు, ఒక్కోదానికి రెండేసి థర్మోకపుల్స్, మొత్తం ఆరు ఉష్ణోగ్రతలు. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సీషార్ప్‌లో ఒక ప్రోగ్రాం రాసిచ్చాడు. అది మోడ్‌బస్ (పరికరాలు కంప్యూటరుతో మాట్లాడుకునే పద్ధతి) ద్వారా ఫర్నేసు కంట్రోలర్ల నుంచి సెకనుకొకసారి రీడింగులు తీసుకుని, తెరిచి ఉన్న ఎక్సెల్ షీటులో కొత్త వరుసగా రాస్తుంది. పక్కనే గ్రాఫ్ కదులుతుంటుంది. మొదటి గంట ముచ్చటగా నడుస్తుంది. ఆ తరువాత ఎక్సెల్ నెమ్మదిస్తుంది, మధ్యాహ్నానికి హ్యాంగ్ అవుతుంది. మా సూపర్‌వైజర్ అదే షీటులో హీట్ నంబరు (ఆ విడత సరుకు గుర్తు) టైపు చేయబోతే ప్రోగ్రాం ఎర్రర్ చూపి ఆగిపోతుంది. మేనల్లుడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోన్ చేస్తే "ఎక్సెల్ బిజీగా ఉంది మామయ్యా" అంటాడు. మంచి కంప్యూటరు కొనాలా, వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండూ కొనవద్దు. మీ మేనల్లుడు చెప్పింది అక్షరాలా నిజం, కాకపోతే ఆ మాటను సగంలో ఆపేశాడు. ఎవరైనా ఒక సెల్‌లో టైపు చేస్తున్నంతసేపూ, అంటే ఎంటర్ కొట్టేదాకా, బయటి ప్రోగ్రాముల పిలుపులను ఎక్సెల్ వినదు. కాసేపు ఆగమని కూడా చెప్పదు, పిలుపును తిరస్కరించానని ఒక ఎర్రర్‌ను వెనక్కి పంపుతుంది. ఆ ఎర్రర్ వస్తుందని ముందే ఊహించి, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించేలా రాయని ప్రోగ్రాం అక్కడే కూలబడుతుంది. ఏదైనా డైలాగ్ పెట్టె తెరిచి ఉన్నప్పుడూ ఇదే జరుగుతుంది. మన అపార్ట్‌మెంట్లలో తలుపు గడియకు సంచి తగిలించి పడుకుంటాం, పాలబ్బాయి తెల్లవారుజామున ప్యాకెట్లు అందులో వేసి వెళ్ళిపోతాడు, మనం లేచినప్పుడు తీసుకుంటాం. మీ ప్రోగ్రాం మాత్రం సెకనుకొకసారి తలుపు తట్టి, మనిషి వచ్చి చేతికి అందుకుంటే తప్ప కదలనంటోంది.

నెమ్మదించడానికి కారణం వేరు. సెకనుకొక వరుస చొప్పున రోజుకు 86,400 వరుసలు అవుతాయి. 2007 నాటి ఎక్సెల్ నుంచి ఒక షీటులో 10,48,576 వరుసలే పడతాయి కనుక, ఫర్నేసులు రాత్రింబవళ్ళు నడిస్తే పదమూడో రోజున షీటు నిండిపోతుంది. మీరు అంతదాకా వెళ్ళడం లేదు, ఎందుకంటే చార్టు అంతకంటే చాలా ముందే చేతులెత్తేస్తోంది. కొత్త వరుస చేరిన ప్రతిసారీ ఎక్సెల్ ఆ ఒక్క చుక్కను మాత్రమే గీసి ఊరుకోదు, ఆరు గీతలను మొదటి నుంచి మళ్ళీ గీస్తుంది. నాలుగు గంటలు గడిచేసరికి గీతకు 14,400 చుక్కల చొప్పున, ఆరు గీతలకు 86,400 చుక్కలను సెకనుకొకసారి గీయమని దాన్ని అడుగుతున్నట్టు లెక్క. సాధారణ మానిటర్ వెడల్పు 1,920 పిక్సెళ్ళు, అందులో మీ చార్టు ఆక్రమించేది బహుశా సగం. వెయ్యి పిక్సెళ్ళలో పద్నాలుగు వేల చుక్కలు గీస్తే చూసే కంటికి కలిగే లాభమేమీ లేదు. దీనికి తోడు కాలాన్ని, ఆరు రీడింగులను ఒక్కొక్క సెల్‌గా రాస్తుంటే సెకనుకు ఏడుసార్లు ఒక ప్రోగ్రాం నుంచి మరో ప్రోగ్రాంలోకి రాకపోకలు జరుగుతుంటాయి. ఏడింటినీ ఒక పట్టికగా కట్టి ఒకేసారి రాస్తే ఒక్క ప్రయాణంతో పోతుంది. ఈ చిన్న మార్పుతోనే మీకు కొంత ఊరట కలుగుతుంది గానీ, అసలు రోగం పోదు.

అసలు రోగం, రీడింగులను భద్రపరిచే పనిని, చూపించే పనిని రెంటినీ ఒకే షీటు మీద పెట్టడం. భద్రపరచడానికి ఒక డేటాబేస్ పెట్టుకోండి. మీ స్థాయికి ఎస్‌క్యూలైట్ చాలు, అది ఉచితం, దానికి సర్వర్ అక్కర్లేదు, అంతా ఒకే ఫైలులో ఉంటుంది. దానిలో వాల్ (రైట్-అహెడ్ లాగ్) అనే పద్ధతిని ఆన్ చేస్తే మీ ప్రోగ్రాం రాస్తున్న సమయంలోనే మరొకరు చదువుకోవచ్చు, ఒకరికొకరు అడ్డురారు. అయితే ఆ ఫైలు ప్రోగ్రాం నడిచే కంప్యూటరు సొంత డిస్కులోనే ఉండాలి. నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డరులో పెడితే ఆ పద్ధతి పనిచేయదు. ఎక్సెల్ మూతపడినా, సూపర్‌వైజర్ పొరపాటున వరుసలు చెరిపినా, ఇక మీ రికార్డు చెక్కుచెదరదు.

ఇక చూపించే సంగతికి వద్దాం. నడుస్తున్న విలువలను ఎక్సెల్ తనంతట తాను తీసుకునే మార్గం ఎక్సెల్ 2002 నుంచే ఉంది. దాని పేరు ఆర్‌టీడీ (రియల్ టైమ్ డేటా). అంతకుముందు 1987 నుంచి వాడుకలో ఉన్న డీడీఈ (డైనమిక్ డేటా ఎక్స్ఛేంజ్) పద్ధతికి బదులుగా మైక్రోసాఫ్ట్ దీన్ని తెచ్చింది. షేర్ల ధరలను ఎక్సెల్‌లో చూపించే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఆధారపడేది దీని మీదే. సెల్‌లో ఆర్‌టీడీ ఫార్ములా రాసి, మీ ప్రోగ్రాం నమోదైన పేరును, ఆ తరువాత కావలసిన అంశాన్ని, అంటే రెండో ఫర్నేసు మొదటి థర్మోకపుల్ వంటి దాన్ని, ఇస్తారు. అప్పుడు ఎక్సెల్ మీ ప్రోగ్రాంను నిద్రలేపి, దాని చేతికి మోగించడానికి ఒక గంట ఇస్తుంది. కొత్త రీడింగు రాగానే మీ ప్రోగ్రాం చేయవలసిందల్లా ఆ గంట కొట్టి ఊరుకోవడమే, విలువను తోయనక్కర్లేదు. ఎక్సెల్ తనకు తీరిక దొరికినప్పుడు వచ్చి, మారిన విలువలన్నింటినీ ఒకేసారి అడిగి తీసుకుంటుంది. సూపర్‌వైజర్ టైపు చేస్తున్నంతసేపు రాదు, ఎంటర్ కొట్టగానే వస్తుంది. ఎవరి పనీ ఆగదు.

ఇలా అడగడానికి రావడంలో ఎక్సెల్ కనీసం రెండు సెకన్ల ఎడం పాటిస్తుంది. 2,000 మిల్లీసెకన్లు దాని సహజ అమరిక, మాక్రో (ఎక్సెల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాం) ద్వారా తగ్గించుకోవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలామంది దాన్ని సున్నా చేయమంటారు. నా అభిప్రాయంలో అది అనవసరం, పైగా హానికరం, ఎందుకంటే సున్నా చేస్తే గంట మోగిన ప్రతిసారీ ఎక్సెల్ పరుగెత్తుకొస్తుంది, షీటంతా మళ్ళీ లెక్కకట్టే పని పెరుగుతుంది. టన్నులకొద్దీ ఇటుక, ఇనుము ఉన్న ఫర్నేసు రెండు సెకన్లలో చెప్పుకోదగినంత వేడెక్కదు, చల్లారదు.

ఇక్కడొక మెలిక ఉంది. ఆర్‌టీడీ ఇచ్చేది ఈ క్షణపు విలువ మాత్రమే, గ్రాఫ్‌కు కావలసింది గడచిన కాలమంతా. చాలామంది దీనికోసం ప్రతి సెకనూ విలువను కింది వరుసలోకి కాపీ చేసే మాక్రో రాస్తారు. మాక్రో షీటును మార్చిన ప్రతిసారీ అన్‌డూ చరిత్ర తుడిచిపెట్టుకుపోతుంది కనుక, షీటులో ఇంకెవరూ నిశ్చింతగా పనిచేయలేరు. దానికంటే చివరి 600 రీడింగులను ప్రోగ్రాం తన జ్ఞాపకంలోనే వలయంలాగా ఉంచుకోవడం మేలు. కొత్తది వచ్చినప్పుడు అన్నింటికంటే పాతది పోతుంది. ఆర్‌టీడీ ద్వారా, కొత్త రీడింగు వచ్చినప్పుడల్లా పెరిగే ఒక్క క్రమసంఖ్యను మాత్రం పంపండి, అది మారినప్పుడల్లా మీరు రాసిన మరొక ఫంక్షన్ 600 వరుసలు, ఏడు కాలమ్‌ల పట్టికను ఒక్క దెబ్బతో షీటులో పరుస్తుంది. మైక్రోసాఫ్ట్ 365లోను, ఎక్సెల్ 2021లోను ఇలా పరుచుకోవడం దానంతటదే జరుగుతుంది. పట్టిక ఎప్పుడూ 600 వరుసలే కాబట్టి చార్టు పరిధిని ఒక్కసారి చూపిస్తే చాలు, ఆఫ్‌సెట్ ఫార్ములాలతో పరిధిని సాగదీసే తంటా ఉండదు. ఆఫ్‌సెట్ షీటులో ఏ మూల మార్పు జరిగినా మళ్ళీ లెక్కకట్టుకునే ఫంక్షన్, అది పెరిగేకొద్దీ షీటు బరువెక్కుతుంది.

పది నిమిషాల గ్రాఫ్‌తో హీట్ ట్రీట్‌మెంట్ తీరు తెలియదని మీరంటారు, అది న్యాయమే. దానికి రెండో చార్టు పెట్టండి, నిమిషానికొక చుక్క చొప్పున ఎనిమిది గంటల షిఫ్టు మొత్తం 480 చుక్కల్లో వచ్చేస్తుంది. ఆ చుక్క నిమిషపు సగటు మాత్రమే అయితే పది సెకన్లపాటు ఎగసి దిగిన వేడి అందులో కలిసి మాయమవుతుంది కనుక, నిమిషానికి గరిష్ఠాన్ని, కనిష్ఠాన్ని రెంటినీ గీయించండి.

మీ మేనల్లుడికి ఫోన్ చేసేటప్పుడు మరో రెండు మాటలు చెప్పండి. ఎక్సెల్-డీఎన్ఏ అనే ఉచిత సాధనంతో సీషార్ప్‌లో ఆర్‌టీడీ సర్వరును, ఆ పట్టికనిచ్చే ఫంక్షన్‌ను ఒకే యాడ్-ఇన్‌గా కట్టవచ్చు, కంప్యూటరుకు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ లేకుండానే నడిపించవచ్చు. రెండోది, మీ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది ముందే కనుక్కొమ్మనండి. ఎక్సెల్ లోపల నడిచే డీఎల్ఎల్ (ప్రోగ్రాం ఫైలు) దానికి సరిపోకపోతే ఏ వివరణా లేకుండా సెల్‌లో తప్పు గుర్తు మాత్రం కనిపిస్తుంది, కారణం వెతకడానికి ఒక ఆదివారమంతా పోతుంది.

మేనల్లుడికి తీరిక లేకపోతే? అప్పుడు ఆర్‌టీడీని మరచిపోండి. ఎస్‌క్యూలైట్‌ను ఎక్సెల్‌కు కలిపే ఓడీబీసీ డ్రైవర్ వేసుకుని, ఎక్సెల్‌లోనే ఉన్న పవర్ క్వెరీతో చివరి ఎనిమిది గంటల నిమిషపు విలువలను షీటులోకి తెచ్చుకుని, కనెక్షన్ లక్షణాల్లో నిమిషానికొకసారి రిఫ్రెష్ కావాలని పెట్టండి. అక్కడ అనుమతించే కనీస వ్యవధి ఒక నిమిషమే. నిజం చెప్పాలంటే మీ అవసరానికి ఇదే సరిపోతుందని నా అనుమానం. సెకను సెకనుకూ చూడాలనుకున్నవారికి కంట్రోలర్ మీద ఎర్రంకెలు ఎలాగూ ఉన్నాయి.

చివరగా ఒక అనుభవం. కొన్నేళ్ళ క్రితం నగరంలోని ఒక యూనిట్‌లో నేనే ఇటువంటి చార్టు పెట్టించాను. ఒకరోజు గీత నూలుపోగులాగా తిన్నగా సాగుతుంటే అందరం ఫర్నేసు ఎంత నిలకడగా ఉందోనని మెచ్చుకున్నాం. నలభై నిమిషాల తరువాత తెలిసింది, కంట్రోలర్‌ను కంప్యూటరుకు కలిపే ఆర్‌ఎస్-485 తీగ ఊడిపోయి ప్రోగ్రాం చివరి విలువనే మళ్ళీ మళ్ళీ ఇస్తోంది. అప్పటి నుంచి నేను రీడింగుతో పాటు అది ఎప్పుడు తీసినదో ఆ సమయాన్ని కూడా చార్టు పక్కనే పెద్ద అక్షరాలతో చూపిస్తున్నాను. పది సెకన్లకంటే పాతబడిన విలువ స్థానంలో ప్రోగ్రాం ఎన్ఏ (విలువ లేదు) అనే తప్పు గుర్తును ఇవ్వాలి, పాత అంకెను ఇవ్వకూడదు. ఉష్ణోగ్రత హద్దు దాటితే మోగే అలారం మాత్రం కంట్రోలర్‌లోనే ఉండాలి. దాన్ని ఎక్సెల్‌కు అప్పగించవద్దు.

ప్రశ్న: నేను తార్నాక ప్రాంతంలో ఒక ప్రయోగశాలలో పరిశోధన విద్యార్థిని. ఫెర్మెంటర్ నుంచి పీహెచ్, ఆక్సిజన్ రీడింగులను ఐదు సెకన్లకొకసారి పైథాన్ ప్రోగ్రాం ద్వారా ఎక్సెల్‌లోకి తెస్తున్నాను. లైన్ చార్ట్ వేస్తే చుక్కలన్నీ ఒకే నిలువు గీత మీద పడుతున్నాయి. పైగా సమయం ఐదున్నర గంటలు వెనుక ఉంటోంది. సెన్సర్ పనిచేయని చోట గీత సున్నాకు పడిపోతోంది.
– ఒక పరిశోధన విద్యార్థిని

జవాబు: మూడింటికీ మూడు వేరువేరు కారణాలు. లైన్ చార్టులోని తేదీ అక్షానికి రోజు కంటే చిన్న కొలత తెలియదు. ఒకే రోజు తీసిన వేల రీడింగులను అది ఒకే తేదీ మీద నిలబెడుతుంది. స్కాటర్ చార్టులోకి మారండి, అందులో అక్షం నిజమైన సంఖ్యలతో నడుస్తుంది. అయితే సమయం అక్షరాల రూపంలో, అంటే టెక్స్ట్‌గా, వచ్చి ఉంటే స్కాటర్ కూడా దాన్ని పట్టించుకోకుండా 1, 2, 3 అని లెక్కపెడుతుంది. అందుచేత పైథాన్ నుంచే సంఖ్యగా పంపడం మంచిది. ఎక్సెల్‌కు ఒక రోజు అంటే 1, ఒక సెకను అంటే 1ని 86,400తో భాగించిన విలువ. యూనిక్స్ సమయం (1970 జనవరి 1 నుంచి గడచిన సెకన్లు) మీ చేతిలో ఉంటే దాన్ని 86,400తో భాగించి 25,569 కలిపితే ఎక్సెల్ తేదీ వస్తుంది. అది గ్రీన్విచ్ లెక్కలో ఉంటుంది కనుక, మన సమయానికి 5.5ను 24తో భాగించి కలపాలి. మీరు వెనుకబడిన ఐదున్నర గంటలు అవే.

కదిలే చార్టులో గడియార సమయాన్ని అక్షం మీద పెడితే ఎక్సెల్ తనకు తోచిన చోట, 10:04:48 వంటి వింత అంకెల దగ్గర, గుర్తులు పెడుతుంది. చివరి రీడింగును సున్నాగా తీసుకుని, మిగతావి దానికి ఎన్ని నిమిషాల ముందువో మరో కాలమ్‌లో లెక్కకట్టి, అక్షాన్ని మైనస్ 30 నుంచి 0 వరకు బిగించేయండి. అక్షం కదలదు, గీత ఎడమవైపుకు జారుతుంటుంది, కంటికి హాయిగా ఉంటుంది.

సున్నాకు పడిపోవడానికి కారణం మీ ఫార్ములా ఖాళీ కోట్ గుర్తులను ఇవ్వడం కావచ్చు. చూడడానికి ఖాళీగా ఉన్నా ఎక్సెల్ దృష్టిలో అది టెక్స్ట్, టెక్స్ట్‌ను చార్టు సున్నాగా గీస్తుంది. దాని బదులు ఎన్ఏ ఫంక్షన్ ఇవ్వండి. పాత ఎక్సెల్ ఆ చోటును దాటవేసి అటూ ఇటూ ఉన్న చుక్కలను కలిపేస్తుంది. మైక్రోసాఫ్ట్ 365లో ఎన్ఏను ఖాళీ సెల్‌గా చూపే వీలుంది కాబట్టి గీత అక్కడ తెగి కనిపిస్తుంది. పరిశోధనలో తెగిన గీతే నిజాయితీ గల గీత కనుక, గైడ్ అడిగినా కలపవద్దు.

ప్రశ్న: మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సంపులో నీటిమట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌ను ఈఎస్‌పీ32 బోర్డుకు కలిపి మా అబ్బాయి అమర్చాడు. రీడింగులు గూగుల్ షీట్స్‌లో పడితే ట్యాంకరు ఎప్పుడు బుక్ చేయాలో కమిటీలో అందరూ ఫోన్లలోనే చూసుకోవచ్చు. సెకనుకొకసారి పంపమంటారా?
– అసోసియేషన్ కోశాధికారి

జవాబు: ఐదు నిమిషాలకొకసారి చాలు. సంపు సెకనులో ఖాళీ కాదు. గూగుల్ షీట్స్‌లో ఒక ఫైలుకు కోటి సెళ్ళు పరిమితి. ఖాళీ సెళ్ళు కూడా ఆ లెక్కలోకి వస్తాయన్నది చాలామంది గమనించరు. కొత్త షీటు 26 కాలమ్‌లతో పుడుతుంది, మీరు వాడేది రెండే అయినా ప్రతి వరుసకూ 26 సెళ్ళు ఖర్చవుతాయి. సెకనుకొక వరుస పంపితే రోజుకు 22 లక్షల సెళ్ళకు పైగా పోయి, ఐదో రోజునే ఫైలు నిండుతుంది. ఐదు నిమిషాలకొకటి పంపి, వాడని 24 కాలమ్‌లను తొలగిస్తే రోజుకు 576 సెళ్ళు. ఆ లెక్కన ఫైలు నిండడానికి నలభై ఏడేళ్ళు పడుతుంది, అప్పటికి భవనం ఎలా ఉంటుందో చెప్పలేం.

గూగుల్ షీట్స్‌కు ప్రోగ్రాం రాసుకునే యాప్స్ స్క్రిప్ట్‌లో చిన్న వెబ్ యాప్ రాసి, బోర్డు పంపిన అంకెను, సమయాన్ని కొత్త వరుసగా చేర్చండి. ఆ చిరునామా తెలిసినవారెవరైనా అందులో రాయగలరు కాబట్టి బోర్డు ఒక రహస్యపదం కూడా పంపాలి, అది సరిపోతేనే స్క్రిప్ట్ వరుస చేర్చాలి. గూగుల్ జవాబును మరో చిరునామాకు మళ్ళిస్తుంది. అందువల్ల బోర్డు వైపు ఎర్రర్‌లాగా కనిపించినా వరుస పడి ఉంటుంది. మీ అబ్బాయి దాన్ని చూసి మళ్ళీ మళ్ళీ పంపేలా రాస్తే ఒకే రీడింగు మూడుసార్లు కనిపిస్తుంది. చార్టును పూర్తి షీటుకు కాకుండా, క్వెరీ ఫంక్షన్‌తో చివరి 288 వరుసలు, అంటే ఒక రోజువి, మరో షీటులోకి తెచ్చి దానికి కట్టండి. మోటారు నడుస్తున్నప్పుడు నీటిపై అలలు లేచి సెన్సర్ తికమకపడుతుంది కనుక, బోర్డులోనే ఐదు కొలతలు తీసి వాటిలో నడిమిదాన్ని పంపించండి. సగటు కంటే నడిమిది మేలు, ఒక్క పిచ్చి రీడింగు దాన్ని లాగలేదు.

ప్రశ్న: షేర్ల సాఫ్ట్‌వేర్ నుంచి డీడీఈ ద్వారా ధరలు తెచ్చుకునేవాణ్ణి. కొత్త కంప్యూటరు కొన్నాక లింకులేవీ కదలడం లేదు.
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: డీడీఈని దుర్వినియోగం చేసిన దాడుల తరువాత ఆఫీస్‌లో దానికి కట్టడులు పెరిగాయి. ఎక్సెల్ ట్రస్ట్ సెంటర్‌లో బయటి సమాచారం అన్న విభాగంలో డీడీఈ సర్వరును వెతకనిచ్చే అమరిక ఆన్‌లో ఉందో లేదో చూడండి. దాని కిందే ఉన్న, సర్వరును ప్రారంభించనిచ్చే అమరిక జోలికి మాత్రం పోవద్దు. ధరల సాఫ్ట్‌వేర్‌ను మీరే ముందు తెరిస్తే దాని అవసరం రాదు. అప్పటికీ కదలకపోతే రెండింటిలో ఏదైనా ఒకటి అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడుస్తోందేమో చూడండి. హోదాలు వేరైతే విండోస్ వాటి మధ్య సందేశాలను అడ్డుకుంటుంది. రెండింటినీ మామూలుగానే తెరవండి. మీ సాఫ్ట్‌వేర్ వారి వద్ద ఆర్‌టీడీ ఉంటే, ఈ రిపేరు చేసే సమయంలోనే దానికి మారిపోవచ్చు.